స్టార్ట్ కాని లాన్ మోవర్: కార్బురేటర్ మార్చే ముందు చూడవలసినవి

ప్రశ్న: ఇంటి ముందు పచ్చిక కోయడానికి ఆరేళ్లుగా ఒక పెట్రోలు లాన్ మోవర్ వాడుతున్నాను. తాడు లాగి స్టార్ట్ చేసే ఫోర్ స్ట్రోక్ మెషిన్. సుమారు ఐదు నెలలు దాన్ని ముట్టుకోలేదు. ట్యాంకులో సగం దాకా పెట్రోలు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు బయటికి తీసి ఎంత లాగినా స్టార్ట్ కావడం లేదు. పాత పెట్రోలు మీదే కొంత కొత్త పెట్రోలు పోశాను, స్పార్క్ ప్లగ్ కొత్తది వేశాను. చోక్ పూర్తిగా వేసి లాగితే ఒక్కోసారి రెండు మూడు సెకన్లు నడిచి ఆగిపోతోంది. మెకానిక్‌కు ఫోన్లో చెబితే కార్బురేటర్ మొత్తం మార్చాలన్నారు. చివరిసారి కోసినప్పుడు బ్లేడుకు రాయి తగిలి మెషిన్ ఒక్కసారిగా ఆగింది కానీ, మళ్లీ స్టార్ట్ అయి ఆ రోజు పని పూర్తి చేసింది. కార్బురేటర్ మార్చక తప్పదా? నేను స్వయంగా చూసుకోగలిగింది ఏమైనా ఉందా?

సమాధానం: కార్బురేటర్‌ను, అంటే పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజిన్‌కు అందించే భాగాన్ని, మార్చే ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు అడిగిన ప్రశ్నకు సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. చోక్ వేసి లాగినప్పుడు ఇంజిన్ రెండు మూడు సెకన్లు నడుస్తోందన్నారు. ఆ కాస్తసేపైనా నడిచిందంటే ప్లగ్ దగ్గర స్పార్క్ వస్తోందని, సిలిండర్‌లో కంప్రెషన్ (పెట్రోలు, గాలి మిశ్రమాన్ని నొక్కే ఒత్తిడి) ఉందని, స్పార్క్ ఇంచుమించు సరైన సమయానికే పడుతోందని అర్థం. ఇక మిగిలింది పెట్రోలు. అది మొదటి రెండు సెకన్లకు సరిపడా అందుతోంది, ఆ తర్వాత అందడం లేదు. చోక్ వేసినప్పుడు గాలి దారి దాదాపుగా మూసుకుపోతుంది కనుక ఇంజిన్ పీల్చే బలమంతా పెట్రోలు దారి మీద పడి, సగం పూడుకుపోయిన రంధ్రంలోంచి కూడా కొంత పెట్రోలు పైకి వస్తుంది. అది మండిపోయాక ఇంజిన్ తనంతట తాను నడవడానికి కావలసినంత పెట్రోలును ఆ రంధ్రం ఇవ్వలేకపోతోంది. మీ మెషిన్ విషయంలో నేను మొదట అనుమానించేది కార్బురేటర్‌లోని జెట్, అంటే పెట్రోలును కొలతగా వదిలే సన్నని రంధ్రమున్న ముక్క, పూడుకుపోవడాన్ని. పూడుకుపోయినదాన్ని శుభ్రం చేస్తే చాలా సందర్భాల్లో సరిపోతుంది, మార్చనక్కరలేదు.

ఐదు నెలలు కదలకుండా ఉన్న పెట్రోలు ఏమవుతుందో తెలిస్తే మిగతా పని ఎందుకు చేయాలో తేలికగా అర్థమవుతుంది. పెట్రోలు ఒకే పదార్థం కాదు, తేలికవీ బరువైనవీ అయిన అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. నిలవ ఉన్నకొద్దీ ముందుగా ఆవిరైపోయేవి తేలిక పదార్థాలు. చల్లగా ఉన్న ఇంజిన్ మొదటిసారి అంటుకోవడానికి కావలసినవి సరిగ్గా అవే. మిగిలినవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా జిగురుగా మారి, లోపలి గోడలకు వార్నిష్ పూతలాగా అంటుకుంటాయి. దీనికి తోడు ఇప్పటి పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ ఒక స్థాయి దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. కార్బురేటర్ కింద చిన్న గిన్నెలా ఉండే ఫ్లోట్ బౌల్‌లో జెట్ పెట్రోలు తీసుకునేది కూడా అడుగు నుంచే. జెట్‌లోని రంధ్రం ఒక మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి జిగురు పేరుకున్నా చాలు, ఇంజిన్ ఆకలితో ఆగిపోతుంది. పెట్రోలు చెడిపోవడానికి నెలలు పట్టనక్కరలేదు. ముప్ఫై రోజులకు మించి నిలవ ఉంచవద్దని చిన్న ఇంజిన్ల తయారీదారులు సాధారణంగా సలహా ఇస్తారు.

పాతదాని మీద కొత్త పెట్రోలు పోయడం వల్ల మీకు ఉపయోగం కలగకపోవడానికి కారణం కూడా ఇదే. ట్యాంకులో రెండూ కలిసిపోయాయి, బౌల్ అడుగున ఉన్నది మాత్రం ఐదు నెలల నాటిదే. ఈ స్థితిలో కార్బురేటర్ మార్చినా కొత్త కార్బురేటర్‌లోకి చేరేది ఆ పాత పెట్రోలే కాబట్టి, కొంతకాలానికి అది కూడా ఇలాగే పూడుకుపోతుంది. చెడిపోయినది ట్యాంకులో ఉంది, దాని ఫలితం కార్బురేటర్‌లో కనిపిస్తోంది. అందువల్ల పని ట్యాంకు నుంచి మొదలుపెట్టాలి.

అంతకన్నా ముందు మీ భద్రత గురించి రెండు మాటలు చెప్పాలి, వీటిని దయచేసి తేలికగా తీసుకోవద్దు. లాన్ మోవర్‌లో బ్లేడు నేరుగా ఇంజిన్ షాఫ్ట్‌కే బిగించి ఉంటుంది. బ్లేడును చేత్తో తిప్పితే ఇంజిన్ తిరుగుతుంది, ఇంజిన్ తిరిగితే స్పార్క్ పడవచ్చు. కొన్ని రోజులుగా స్టార్ట్ కాని మెషిన్ మీ వేళ్లు బ్లేడు దగ్గర ఉన్న క్షణంలోనే అంటుకునే ప్రమాదం ఉంది. కాబట్టి మెషిన్ మీద చెయ్యి వేసే ముందు ప్రతిసారీ స్పార్క్ ప్లగ్ క్యాప్ ఊడదీసి, అది మళ్లీ ప్లగ్‌కు తగలకుండా దూరంగా కట్టి ఉంచండి. బ్లేడును ముట్టుకోవలసి వస్తే మందపాటి చేతి తొడుగులు వేసుకోండి. రెండవది, పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. అది నేల వెంట పాకుతూ పోయి ఎక్కడో దూరంగా ఉన్న మంటనో, స్విచ్ దగ్గరి రవ్వనో అందుకోగలదు. పెట్రోలు తీసే పని అంతా ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, మంట దరిదాపుల్లో లేనిచోట చేయాలి. ఇంజిన్‌ను నడిపి చూసేటప్పుడు కూడా మూసిన గదిలో నడపకండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీయగల శక్తి మాత్రం ఉంది.

పని మొదలుపెట్టగానే ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) తీసి ఆయిల్ చూడండి. స్టార్ట్ కాకపోవడానికీ ఆయిల్‌కూ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఫ్లోట్ బౌల్‌లోకి పెట్రోలు రాకను అదుపు చేసే చిన్న సూది ఒకటి ఉంటుంది. దాని కింద చెత్త చేరితే అది సరిగా మూసుకోదు. అప్పుడు ట్యాంకులోని పెట్రోలు రోజుల తరబడి కొద్దికొద్దిగా కార్బురేటర్ దాటి సిలిండర్‌లోకీ, అక్కడి నుంచి ఆయిల్‌లోకీ దిగుతుంది. సగం ట్యాంకు పెట్రోలుతో ఐదు నెలలు ఉన్న మెషిన్‌లో ఇలా జరిగి ఉండటానికి అవకాశం ఉంది. ఆయిల్ మట్టం గీత కన్నా పైకి వచ్చినా, పల్చబడినా, పెట్రోలు వాసన వేసినా, ఆ ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోసేదాకా తాడు లాగవద్దు. పెట్రోలు కలిసిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఏ ఆయిల్ ఎంత పోయాలో మీ మెషిన్ పుస్తకంలో ఉంటుంది. ఇలాంటి ఇంజిన్లకు ఎక్కువగా ఎస్.ఏ.ఇ. 30 రకం ఆయిల్‌ను సుమారు అర లీటరు సూచిస్తారు.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ మూత తీసి చూడండి. ఫోమ్ ఫిల్టర్ అయితే సబ్బు నీళ్లలో పిండి, పూర్తిగా ఆరనిచ్చి, మీ మెషిన్ పుస్తకం చెబితే కొన్ని చుక్కల ఇంజిన్ ఆయిల్ పట్టించి మళ్లీ పెట్టవచ్చు. కాగితపు ఫిల్టర్‌ను మాత్రం కడగకూడదు, మట్టి కొట్టుకుపోయి ఉంటే మార్చాలి. ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి కనిపిస్తే మెషిన్‌ను ఎప్పుడో తప్పు వైపుకు ఒరగబెట్టారని అర్థం. లాన్ మోవర్‌ను శుభ్రం చేయడానికి పక్కకు వాల్చవలసి వస్తే ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ ఉన్న వైపు ఎప్పుడూ పైకి ఉండాలి. లేకపోతే ఆయిల్ కారి ఎయిర్ ఫిల్టర్‌లోకీ సిలిండర్‌లోకీ చేరి, ఒక్కోసారి తాడు లాగడానికి కూడా వీలు లేకుండా పిస్టన్‌ను ఆపేస్తుంది. అదేవిధంగా, పట్టుకుంటేనే ఇంజిన్ నడిచేలా చేసే హ్యాండిల్ మీది కడ్డీని పూర్తిగా నొక్కినప్పుడు దాని కేబుల్ రెండో చివర ఇంజిన్ దగ్గరి బ్రేకు మీట చివరిదాకా కదులుతోందో లేదో కూడా ఒకసారి గమనించండి. కేబుల్ సాగిపోయి మీట సగమే కదిలితే స్పార్క్ నిలిచిపోయి ఉంటుంది. మీ ఇంజిన్ కాసేపు నడుస్తోంది కాబట్టి అక్కడ లోపం ఉండే అవకాశం తక్కువే అయినా, చూడటానికి నిమిషం కన్నా పట్టదు.

ఇప్పుడు పెట్రోలు. ట్యాంకు కింద పెట్రోలు కాక్ ఉంటే దాన్ని మూసి, కార్బురేటర్‌కు వెళ్లే గొట్టం ఊడదీసి, కాక్ మళ్లీ తెరిచి గాజు సీసాలోకి కొద్దిగా పట్టండి. తాజా పెట్రోలు స్వచ్ఛంగా ఉండి, ఘాటైన తన మామూలు వాసన వేస్తుంది. చెడినది ముదురు రంగుకు తిరిగి, పాత రంగు డబ్బా తెరిచినట్టు పుల్లటి వాసన వేస్తుంది. సీసా అడుగున గుండ్రటి బొట్లుగానో, వేరే పొరగానో ఏదైనా కనిపిస్తే అది నీరు చేరిన పెట్రోలు. అదే సమయంలో ధార ఎలా వస్తోందో కూడా చూడండి. ధార ఆగకుండా రావాలి. మొదట బాగా వచ్చి క్రమంగా చుక్కలుగా మారితే ట్యాంకు మూత వదులు చేయండి. వెంటనే ధార పెరిగితే మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయిందన్నమాట. మూత వదులు చేసినా మారకపోతే గొట్టంలోగాని, దాని మధ్యలోని చిన్న ఫిల్టర్‌లోగాని అడ్డం ఉంది. ఈ పరీక్ష అయ్యాక ట్యాంకులో ఉన్నదంతా తీసేయండి. కొత్తగా పోసిన పెట్రోలు వృథా అవుతుందని అందులో సగం ఉంచుకోవద్దు, అది ఇప్పటికే పాతదానితో కలిసిపోయింది. తీసిన పెట్రోలును మురుగు కాలువలోనో మట్టిలోనో పారబోయకుండా, మూత ఉన్న డబ్బాలో పోసి, పాత పెట్రోలు తీసుకునే చోట ఇవ్వండి.

కార్బురేటర్ దగ్గరికి వచ్చేసరికి చాలామంది భయపడతారు, నిజానికి ఈ ఇంజిన్లలోని కార్బురేటర్ చాలా సరళమైనది. చెయ్యి వేసే ముందు దాని చుట్టూ ఉన్న స్ప్రింగులు, సన్నని కడ్డీలు ఏ రంధ్రంలో తగిలి ఉన్నాయో ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. వేగాన్ని అదుపు చేసే గవర్నర్ స్ప్రింగ్ ఒక రంధ్రం పక్కకు తగిలినా ఇంజిన్ వేగం మారిపోతుంది, దాన్ని తిరిగి సరిచేయడానికి పడే శ్రమ కార్బురేటర్ శుభ్రం చేయడం కన్నా ఎక్కువ. చాలా మెషిన్లలో కార్బురేటర్ మొత్తం విప్పనక్కరలేకుండానే అడుగున ఉన్న ఒకే ఒక్క బోల్టు తీస్తే ఫ్లోట్ బౌల్ కిందికి వస్తుంది. కింద గుడ్డ పరచి, చిన్న గిన్నె పెట్టి ఆ బోల్టు తీయండి. కొన్ని ఇంజిన్లలో ఆ బోల్టే జెట్ కూడా, దాని కాడలోనే అడ్డంగా, నిలువుగా సన్నని రంధ్రాలు ఉంటాయి. కాబట్టి దాన్ని మామూలు బోల్టు అనుకొని పక్కన పడేయకుండా వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మరికొన్నింటిలో మెయిన్ జెట్ పైన, మధ్య గొట్టం లోపల స్క్రూలాగా బిగించి ఉంటుంది. సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తోనే దాన్ని తీయాలి, అది మెత్తటి ఇత్తడి కాబట్టి చిన్న స్క్రూడ్రైవర్ వాడితే గాడి అరిగిపోతుంది.

బౌల్‌లో గోధుమ రంగు జిగురో, తెల్లటి పొడో, నీటి బొట్లో కనిపిస్తే మీ సమస్య దొరికినట్టే. కళ్లకు అద్దాలు పెట్టుకొని కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, రంధ్రాలను కొంతసేపు నాననిచ్చి, విద్యుత్ తీగలోంచి తీసిన ఒక సన్నని రాగి పోగుతో నెమ్మదిగా పొడవండి. ఉక్కు సూదిగాని, డ్రిల్ బిట్‌గాని జెట్‌లోకి దూర్చకూడదు. రంధ్రం కొలత మీదే పెట్రోలు, గాలి పాళ్లు ఆధారపడి ఉంటాయి, ఒక్కసారి అది పెద్దదయిందంటే ఆ జెట్ ఇక పనికిరాదు. వెలుతురుకు పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, అంచులు శుభ్రంగా కనిపించాలి. మెయిన్ జెట్‌తో పాటు ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ కూడా ఉంటే దాన్ని వదిలిపెట్టకండి. అది ఇంకా సన్నది కాబట్టి ముందుగా పూడుకునేది అదే. ఫ్లోట్ పైకీ కిందికీ హాయిగా ఆడుతోందా, దాన్ని ఊపితే లోపల పెట్రోలు చేరిన శబ్దం వస్తోందా, సూది మొనలో గాడి పడిందా అన్నవి ఒకసారి చూడండి. స్ప్రే రబ్బరు భాగాలకు తగిలితే అవి ఉబ్బుతాయి కనుక బౌల్ చుట్టూ ఉండే రబ్బరు రింగును ముందే తీసి పక్కన పెట్టడం మంచిది. తిరిగి బిగించేటప్పుడు ఆ రింగు నలగకుండా చూడండి. కొన్ని పాత నమూనాల్లో బౌల్ ఉండదు, ట్యాంకు పైనే కార్బురేటర్ కూర్చొని మధ్యలో డయాఫ్రమ్ అనే పల్చటి పొర పనిచేస్తుంది. మీది అలాంటిదైతే గట్టిపడిన ఆ పొరను మార్చడమే చికిత్స.

ఇక్కడే మీ మెకానిక్ మాటను కూడా న్యాయంగా చూద్దాం. కార్బురేటర్ మార్చవలసిన సందర్భాలు లేకపోలేదు. నీరు నిలిచి లోపలి లోహం తినేసి గుంటలు పడినా, థ్రాటిల్ షాఫ్ట్ (ఇంజిన్‌లోకి వెళ్లే దారిని తెరిచి మూసే రేకు ఇరుసు) అరిగి ఆ పక్కనుంచి గాలి లోపలికి పీలుస్తున్నా, లోపల మూసుకుపోయిన దారులు ఎంత నానబెట్టినా తెరుచుకోకపోయినా, కొత్తది వేయడమే సరైన పని. కానీ ఇవన్నీ విప్పి చూస్తేనే తెలిసే విషయాలు. విప్పకుండా, ట్యాంకులో ఏముందో చూడకుండా మార్చమనడం నాకు సమ్మతం కాదు. చాలా మెషిన్లకు రబ్బరు రింగులు, గాస్కెట్లు (భాగాల మధ్య సందును మూసే పల్చటి పొరలు), సూది కలిపిన చిన్న కిట్ విడిగా దొరుకుతుంది, మీకు అది చాలవచ్చు.

అన్నీ బిగించాక తాజా పెట్రోలు కొద్దిగా మాత్రమే పోయండి. ఇథనాల్ 10 శాతానికి మించిన పెట్రోలును చిన్న ఇంజిన్ల తయారీదారుల్లో చాలామంది అనుమతించరు, కాబట్టి మీ మెషిన్ పుస్తకంలోని సూచనను ఒకసారి చదవండి. గొట్టం దగ్గర, బౌల్ దగ్గర పెట్రోలు కారడం లేదని కొన్ని నిమిషాలు ఆగి చూసి, కారినదేమైనా ఉంటే తుడిచి, ఆవిరి పోయిన తర్వాతే ప్లగ్ క్యాప్ పెట్టండి. మెషిన్‌ను పొట్టి గడ్డి మీద నిలిపి, ప్రైమర్ బల్బు (పెట్రోలును ముందుగా లోపలికి పంపే రబ్బరు బుడగ) ఉంటే పుస్తకంలో చెప్పినన్ని సార్లు నొక్కి, లేకుంటే చోక్ వేసి, తాడును మొదట నెమ్మదిగా బిగువు తగిలేదాకా లాగి, అక్కడి నుంచి ఒక్క ఊపున లాగండి. బౌల్ నిండటానికి సమయం పడుతుంది కనుక మొదటి కొన్ని లాగులకు అంటుకోకపోతే కంగారు పడవద్దు. పెట్రోలు వాసన గట్టిగా వస్తూ ఇంజిన్ అంటుకోకపోతే మాత్రం ప్లగ్ తడిసిపోయి ఉంటుంది. అప్పుడు చోక్ తీసేసి, పది పదిహేను నిమిషాలు వదిలేసి, చోక్ లేకుండానే లాగండి. సులువుగా అంటుకోవాలని ఎయిర్ ఫిల్టర్ తీసి ఘాటైన స్టార్టింగ్ స్ప్రేలు కొట్టే అలవాటు కొందరికి ఉంది. అవి సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తాయి, మంట వెనక్కి తన్నే ప్రమాదమూ ఉంది. మీరు ఆ దారిలో వెళ్లవద్దని నా కోరిక.

ఇంజిన్ అంటుకున్న తర్వాత అది నడిచే తీరు మిగతా విషయం చెబుతుంది. వేగం అదేపనిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటే, లేదా చోక్ సగం వేసి ఉంచితేనే నడుస్తుంటే, ఏదో ఒక జెట్ ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు, లేదా కార్బురేటర్, ఇంజిన్ మధ్య గాస్కెట్ పక్కనుంచి గాలి వస్తోంది. మరోసారి విప్పి శుభ్రం చేయడానికి విసుగుపడకండి, ఒక్కసారికి అన్ని దారులూ తెరుచుకోకపోవడం సహజమే. పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత తెరిచి మూయగానే మళ్లీ స్టార్ట్ అయితే పైన చెప్పిన మూత రంధ్రమే కారణం.

ఇంత చేసినా పాత స్థితే కొనసాగితే, మీరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ రాయి దగ్గరికి రావాలి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసిన విషయం అదే. బ్లేడు రాయికి తగిలి ఆగినప్పుడు దానితో పాటు షాఫ్ట్ కూడా ఆ క్షణంలోనే ఆగిపోతుంది. కానీ షాఫ్ట్ రెండో చివర ఉన్న బరువైన ఫ్లైవీల్ తన ఊపులో తిరుగుతూనే ఉండాలని చూస్తుంది. ఆ రెండింటినీ కలిపి పట్టి ఉంచేది ఫ్లైవీల్ కీ అనే చిన్న లోహపు ముక్క. స్పార్క్ పుట్టించే అయస్కాంతాలు ఫ్లైవీల్‌లోనే ఉంటాయి కాబట్టి, కీ నలిగి ఫ్లైవీల్ కొంచెం పక్కకు జరిగినా స్పార్క్ పడవలసిన సమయం తప్పుతుంది. అప్పుడు పెట్రోలు ఉంటుంది, స్పార్క్ ఉంటుంది, ఇంజిన్ మాత్రం నడవదు. లాగిన తాడును ఇంజిన్ చేతిలోంచి వెనక్కి గుంజుకోవడం, కార్బురేటర్ వైపు నుంచో సైలెన్సర్ వైపు నుంచో టప్పుమని పేలడం దీనికి గుర్తులు. మీ మెషిన్ రాయి తగిలిన తర్వాత కూడా పని పూర్తి చేసింది కనుక కీ పూర్తిగా తెగి ఉండదని నా అంచనా. అయితే సగం నలిగిన కీ ఆ రోజుకు నిలబడి, తర్వాత గట్టిగా తాడు లాగినప్పుడు మరికొంత జరిగే అవకాశం ఉంది. అందుకే దీన్ని మొదటి అనుమానంగా కాక, రెండో అనుమానంగా ఉంచాను.

కీ చూడటానికి ప్లగ్ క్యాప్ తీసి, ఇంజిన్ పైమూతను, తాడు ఉన్న భాగాన్ని విప్పి, ఫ్లైవీల్ మధ్యలోని నట్టు తీయాలి. చాలా ఇంజిన్లలో అక్కడ నుంచి చూస్తేనే షాఫ్ట్ గాడి, ఫ్లైవీల్ గాడి ఒకే వరుసలో ఉన్నాయో లేదో కనబడుతుంది. ఏమాత్రం తేడా ఉన్నా కీ మార్చాలి. నట్టు తీసేటప్పుడు ఫ్లైవీల్ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టడం, ఫ్లైవీల్‌ను సుత్తితో కొట్టడం వద్దు, ఆ రెక్కలు సులువుగా విరుగుతాయి. కొత్త కీ తయారీదారు ఇచ్చిన రకమే వేయండి. చాలా ఇంజిన్లలో ఆ కీని కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు, దెబ్బ తగిలినప్పుడు ఖరీదైన భాగాల బదులు అదే తెగిపోవాలని. దాని స్థానంలో ఎవరైనా గట్టి ఉక్కు ముక్క పెడతానంటే ఒప్పుకోవద్దు, తర్వాతి దెబ్బ నేరుగా షాఫ్ట్‌కు తగులుతుంది. చివరగా నట్టును పుస్తకంలో చెప్పిన బిగువుకు బిగించాలి, అది వదులుగా ఉంటే కొత్త కీ కూడా నలిగిపోతుంది.

రాయి దెబ్బ వల్ల బ్లేడు బోల్టు వదులై ఉన్నా ఇవే గుర్తులు కనిపిస్తాయి. తేలికైన ఫ్లైవీల్ ఉన్న లాన్ మోవర్లలో బ్లేడు బరువు కూడా ఇంజిన్ ఊపులో భాగమే, అది గట్టిగా బిగిసి లేకపోతే ఇంజిన్ అంటుకోవడం కష్టమై తాడు వెనక్కి గుంజుతుంది. మెషిన్‌ను సరైన వైపుకు వాల్చి, బ్లేడును చేతి తొడుగులతో పట్టుకొని కదిపి చూడండి. షాఫ్ట్ కదలకుండా బ్లేడు మాత్రమే కదిలితే బిగువు చాలదు. తర్వాత బ్లేడు రెండు కొసలనూ ఒకదాని తర్వాత ఒకటి డెక్ (బ్లేడును పైనుంచి కప్పి ఉంచే భాగం) అంచున ఒకే చోటుకు తెచ్చి వాటి ఎత్తు పోల్చండి. ఎత్తులో తేడా కనబడితే బ్లేడైనా వంగి ఉండాలి, షాఫ్టైనా వంగి ఉండాలి. బ్లేడు వంగితే మార్చవచ్చు. షాఫ్ట్ వంగిన మెషిన్‌ను మాత్రం ఇంజిన్ స్టార్ట్ అయినా సరే వాడకండి. నిమిషానికి దాదాపు మూడు వేల సార్లు తిరిగే బ్లేడు వంకర షాఫ్ట్ మీద ఉంటే అది ఎప్పుడు విరిగి ఎటు ఎగిరిపోతుందో ఎవరూ చెప్పలేరు. దీనికి ఇంట్లో చేసుకోగల మరమ్మతు లేదు.

స్పార్క్ విషయంలో మీకు చెప్పవలసింది తక్కువే. కొత్త ప్లగ్ నంబరు మీ ఇంజిన్‌కు చెప్పినదేనా అని సరిచూసుకోండి, కాడ పొడవు ఎక్కువైన ప్లగ్ పిస్టన్‌కు తగలగలదు. ఎలక్ట్రోడ్ల మధ్య ఖాళీ ఇలాంటి ఇంజిన్లలో సాధారణంగా 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది, కొత్త ప్లగ్ కాబట్టి సరిగ్గానే ఉంటుందని అనుకోకుండా సన్నని ఖాళీలు కొలిచే ఫీలర్ గేజ్‌తో కొలవండి. ఒకవేళ ఇంజిన్ ఒక్క సెకను కూడా అంటుకోని స్థితికి వచ్చి, తీసిన ప్లగ్ పెట్రోలుతో తడిగా ఉంటే అప్పుడు స్పార్క్‌ను స్పార్క్ టెస్టర్‌తో పరీక్షించండి. ప్లగ్‌కు స్పార్క్ పంపే కాయిల్‌కు వచ్చే, ఇంజిన్‌ను ఆపే వైరును తాత్కాలికంగా విడదీసినప్పుడు స్పార్క్ తిరిగి వస్తే కాయిల్ మంచిదే, లోపం హ్యాండిల్ కేబుల్ దగ్గరి స్విచ్‌లో ఉంది. పరీక్ష కాగానే ఆ వైరును తప్పకుండా కలపండి, అది లేకుండా నడిపిన ఇంజిన్‌ను హ్యాండిల్ వదిలినా సరిగా ఆపలేరు.

మెషిన్ బాగైన తర్వాత మళ్లీ నెల రోజులకు మించి పక్కన పెట్టవలసి వస్తే రెండు పద్ధతులు ఉన్నాయి. తాజా పెట్రోలులో అది త్వరగా చెడకుండా చూసే ఫ్యూయల్ స్టెబిలైజర్ కలిపి, ఆ పెట్రోలు కార్బురేటర్ లోపలిదాకా చేరేలా కొన్ని నిమిషాలు ఇంజిన్ నడిపి ఆపడం ఒకటి. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్‌ను దానంతట అది ఆగేదాకా నడిపి, ఆ తర్వాత బౌల్ బోల్టు వదులు చేసి అడుగున మిగిలిన నాలుగు చుక్కలూ దించేయడం రెండోది. నేను రెండోదానికే మొగ్గు చూపుతాను, ఎందుకంటే లేని పెట్రోలు చెడిపోదు. అయితే ఇంజిన్ ఆగిపోయేదాకా నడపడంతోనే సరిపెట్టవద్దు, జెట్‌ను పూడ్చేది ఆ చివరి చుక్కలే.

పెట్రోలు మార్చి, జెట్‌లు శుభ్రం చేసి, కీ వరుసలోనే ఉందని చూసుకున్న తర్వాత కూడా మెషిన్ నడవకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లండి. అప్పుడు మీరు చేసినవన్నీ వరుసగా చెప్పి, కంప్రెషన్‌నూ వాల్వులనూ చూడమని అడగండి. చాలాకాలం కదలకుండా ఉన్న ఇంజిన్‌లో వాల్వు పూర్తిగా మూసుకోకుండా పట్టేయడం జరుగుతుంటుంది, అది పరీక్షించడానికి తగిన గేజ్ వారి దగ్గర ఉంటుంది. కార్బురేటర్ మార్చాలని అప్పుడు కూడా అంటే, విప్పి లోపల ఏం పాడైందో మీకు చూపించమనండి.